నూటొక్క ఏళ్ల సయ్యద్: గుల్బర్గా బందేనవాజ్ జీవితం

హుజూర్‌నగర్ చుట్టుపక్కల ఏ బడిలోనైనా అటెండెన్స్ రిజిస్టర్ తెరిచి చూడండి. సైదులు, సైదమ్మ, సైదయ్య, సైదిరెడ్డి, సైదానాయక్... వీటిలో ఏదో ఒక పేరు తప్పకుండా ఉంటుంది. వీళ్లలో ఎక్కువమంది ముస్లింలు కాదు. రైతులు, కూలీలు, తండాల్లో ఉండే లంబాడీలు, రెడ్లు, యాదవులు, అన్ని కులాలవాళ్లూ ఉంటారు. పిల్లలు పుట్టడం లేదని మొక్కుకున్నవాళ్లు, పుట్టిన పిల్లలు బతకాలని మొక్కుకున్నవాళ్లు పెట్టిన పేర్లు ఇవి. ఆ మొక్కు పాలకవీడు మండలంలో ఉన్న జాన్‌పహాడ్ దర్గాకి. అక్కడ ఇద్దరు షహీదుల సమాధులు ఉన్నాయి. మా వైపు వాళ్లని విడివిడిగా పిలవరు. ఇద్దర్నీ కలిపి సైదులు అంటారు, ఇంకా చనువు ఉంటే సైదన్న అంటారు.

సైదులు అనే మాట ఎలా వచ్చిందో చూస్తే సరదాగా ఉంటుంది. అరబీలో సయ్యద్ అంటే పెద్దమనిషి, ప్రవక్త వంశంలో పుట్టినవాడు. దాన్ని మన నోటికి సైదు అని తిప్పుకున్నాం. చివర గౌరవం కోసం మన లు తగిలించాం, రాముడిని రాములు అన్నట్టే. అంటే సగం అరబీ, సగం తెలుగు. నెల్లూరు, గుంటూరు వైపు మస్తానమ్మ, మస్తాన్‌రావు కూడా ఇట్లా వచ్చినవే.

జాన్‌పహాడ్ ఉర్సు జనవరిలో జరుగుతుంది. మేం నేరేడుచర్ల దాటి పాలకవీడు వైపు పోతాం. ఉర్సు రోజుల్లో ఆ రోడ్డంతా ట్రాక్టర్లు, ఆటోలు, ట్రాక్టర్ ట్రాలీలో యాటలు, వంట గిన్నెలు, కట్టెలు, మొత్తం ఇల్లే కదిలి వచ్చినట్టు ఉంటుంది. గంధం ఊరేగింపు రోజు అసలు జాగా దొరకదు. మొక్కు ఉన్నవాళ్లు కందూరు చేస్తారు. యాటను కోసి, అక్కడే వండి, ముందు ఫాతెహా చదివించి, తర్వాత బంధువులకీ పక్కన కూర్చున్నవాళ్లకీ వడ్డిస్తారు. లోపల ఊదు పొగ, ముజావర్ చేతిలో నెమలి ఈకల కట్ట, కొబ్బరికాయ పట్టుకున్న అమ్మలు, బయట రంగులరాట్నం, గాజుల దుకాణాలు, మిఠాయి. చిన్నప్పటి నుంచి చూస్తున్నా కాబట్టి ఇందులో వింత ఏముందో నాకు ఎప్పుడూ అనిపించలేదు.

హాస్టల్‌కి వచ్చాక అనిపించింది. మా తాత పేరు సైదులు. ఏదో ఫారం నింపుతుంటే ఆ పేరు చూసి ఒకడు మీరు ముస్లింలా అని అడిగాడు. కాదు అంటే, మరి ఆ పేరు ఎందుకు, మార్చుకోవచ్చు కదా అన్నాడు ఇంకొకడు. వాళ్లు తిట్టాలని అనలేదు, నిజంగానే అర్థం కాక అడిగారు. కానీ జవాబుగా మొక్కు అని ఒక్క ముక్క చెబితే సరిపోదనిపించింది. అసలు సయ్యద్ అని జనం ఇంతగా కొలిచే మనిషి ఎలా బతికి ఉంటాడు? ఏం తిన్నాడు, ఎవరి దగ్గర చదువుకున్నాడు, ఎవరితో గొడవపడ్డాడు? దక్కన్‌లో అట్లాంటి ఒక సయ్యద్ జీవితం వివరంగా రాసి ఉంది. ఆయన చనిపోయిన ఐదేళ్లకే, 1427లో, ఆయన శిష్యుల్లో ఒకడైన ముహమ్మద్ అలీ సామానీ పారసీలో పుస్తకం రాశాడు. ఆ మనిషి గుల్బర్గా ఖ్వాజా బందేనవాజ్.

ఆయన అసలు పేరు సయ్యద్ ముహమ్మద్ హుసేనీ. పుట్టింది 1321లో, ఢిల్లీలో. ఆయనకి ఆరేడేళ్లు ఉన్నప్పుడు ముహమ్మద్ బిన్ తుగ్లక్ రాజధానిని ఢిల్లీ నుంచి దౌలతాబాద్‌కి మార్చాలని నిర్ణయించాడు. మనం స్కూల్లో రెండు లైన్లలో చదివి పిచ్చి తుగ్లక్ అని నవ్వుకుని వదిలేసిన సంఘటన ఇదే. పండితులు, సూఫీలు, ఉద్యోగులు అందరూ దక్షిణానికి నడవాలి. ఆ నడిచినవాళ్లలో ఈ పిల్లవాడి కుటుంబం కూడా ఉంది. తండ్రి సయ్యద్ యూసుఫ్ హుసేనీ కూడా సూఫీయే. దౌలతాబాద్ దగ్గరి ఖుల్దాబాద్‌లో 1331లో ఆయన చనిపోయాడు. పిల్లవాడికి అప్పుడు పదేళ్లు. ఇంకో ఐదేళ్లకి తల్లి పిల్లల్ని తీసుకుని మళ్లీ ఢిల్లీకి తిరిగి వచ్చేసింది. అంటే పదిహేనేళ్లు నిండేసరికి ఒక రాజు నిర్ణయం వల్ల ఊరు పోయింది, తండ్రి పోయాడు, దేశం సగం అటూ ఇటూ నడిచినట్టయింది. తర్వాత జీవితమంతా రాజుల దగ్గర ఆయన జాగ్రత్తగా ఎందుకు ఉన్నాడో ఇక్కడే కొంత అర్థమవుతుంది.

ఢిల్లీలో ఆయన షేక్ నసీరుద్దీన్ దగ్గర చేరాడు. చిరాగ్-ఎ-ఢిల్లీ అంటే ఆయనే, ఢిల్లీకి దీపం అని అర్థం. చిష్తీ సూఫీల వరస మనవాళ్లకి లింక్డ్ లిస్ట్ లాగా చెబితే సులువుగా ఉంటుంది. అజ్మీర్ ముయీనుద్దీన్ నుంచి కుత్బుద్దీన్ బఖ్తియార్ కాకీ, ఆయన నుంచి బాబా ఫరీద్, ఆయన నుంచి నిజాముద్దీన్ ఔలియా, ఆయన నుంచి నసీరుద్దీన్. ఒక్కో గురువు తర్వాతి వాడికి తన అంగీ, జపమాల, కర్ర లాంటివి ఇచ్చి వారసత్వం అప్పగిస్తాడు. ఈ వరసలో ఒక కట్టుబాటు గట్టిగా ఉండేది. సుల్తాన్ల కొలువుకి పోకూడదు, వాళ్ల ఉద్యోగాలు చేయకూడదు. నిజాముద్దీన్ ఔలియా ఈ విషయంలో ఎంత పట్టుదలగా ఉన్నాడో ఢిల్లీ చరిత్ర చదివినవాళ్లకి తెలుసు.

గేసూదరాజ్ అన్న పేరు ఆయనకి ఇక్కడే వచ్చిందని చెబుతారు. ఆ మాటకి అర్థం పొడుగు జుట్టువాడు. ఒకసారి గురువు పల్లకీని శిష్యులు మోస్తున్నారు. ఆయన జుట్టు పల్లకీ కాలుకి చిక్కుకుంది. ఆపమంటే గురువుకి ఇబ్బంది అవుతుందని, నొప్పి ఓర్చుకుంటూ అట్లాగే నడిచాడు. గురువుకి ఆ సంగతి తర్వాత తెలిసింది, ఆ పేరు నిలిచిపోయింది. ఇది జరిగిందా కథ కట్టారా అని లెక్క తేల్చడం నా పని కాదు. కానీ ఆరు వందల ఏళ్ల నుంచి జనం ఆయన గురించి ముందుగా చెప్పుకునే కథలో అద్భుతం ఏమీ లేకపోవడం నాకు నచ్చింది. నీళ్ల మీద నడవలేదు, పులిని ఎక్కలేదు. నొప్పి ఓర్చుకున్నాడు, అంతే.

1356లో నసీరుద్దీన్ చనిపోయాడు. చనిపోయే ముందు ఆయన ఒక విచిత్రమైన పని చేశాడు. తన గురువు నుంచి వచ్చిన అంగీ, జపమాల, కర్ర ఎవరికీ ఇవ్వలేదు. తనతోపాటే పాతిపెట్టమన్నాడు. లింక్డ్ లిస్ట్‌లో చివరి నోడ్ దగ్గర ఆగిపోయినట్టు. అప్పుడు గేసూదరాజ్ గురువు శవానికి స్నానం చేయించిన మంచం దగ్గరికి పోయి, ఆ మంచం నులకను తీసి మెడలో వేసుకున్నాడట. నాకు ఈ అంగీ చాలు అన్నట్టు. నులక మంచం మీద పడుకుని పెరిగినవాళ్లకి ఆ దృశ్యం ఇంకా బాగా అర్థమవుతుంది.

ఆ తర్వాత నలభై ఏళ్లకు పైగా ఆయన ఢిల్లీలోనే ఉన్నాడు. తల్లి పట్టుబడితే నలభై ఏళ్ల వయసులో పెళ్లి చేసుకున్నాడు. పాఠాలు చెప్పాడు, పుస్తకాలు రాశాడు. పేరు బాగా వచ్చింది. ఇక్కడితో జీవితం అయిపోయినా ఆ కాలానికి నిండు జీవితమే అనాలి. కానీ 1398 డిసెంబర్‌లో తైమూర్ సైన్యం ఢిల్లీ గుమ్మం దాకా వచ్చింది. ఆయనకి అప్పుడు 77 ఏళ్లు. ఇంటివాళ్లనీ శిష్యుల్నీ తీసుకుని ఊరు వదిలాడు. ఆ తర్వాత కొన్ని రోజుల్లో ఢిల్లీలో జరిగిన నరమేధం గురించి చదివితే ఆయన ఎలాంటి సమయంలో బయటపడ్డాడో తెలుస్తుంది.

ఒక్కసారి ఈ దారి ఊహించండి. ఢిల్లీ నుంచి గ్వాలియర్, అక్కడి నుంచి గుజరాత్, అక్కడి నుంచి దౌలతాబాద్, చివరికి గుల్బర్గా. చిన్నపిల్లవాడిగా ఒక సుల్తాన్ ఆజ్ఞతో దక్షిణానికి నడిచిన మనిషి, 70 ఏళ్ల తర్వాత మళ్లీ అదే దక్షిణానికి కాందిశీకుడిలాగా వచ్చాడు. దౌలతాబాద్‌లో తండ్రి సమాధి ఉంది. దక్కన్ ఆయనకి కొత్త దేశం కాదు, చిన్నతనంలో వదిలేసి పోయిన ఊరు.

గుల్బర్గా అప్పుడు బహమనీ రాజధాని. రాజు ఫిరోజ్ షా. 1397లో గద్దెనెక్కాడు. చదువంటే ప్రాణం, ఖగోళశాస్త్రం అంటే ఇష్టం, దౌలతాబాద్ దగ్గర నక్షత్రాలు చూసే వేధశాల కట్టించడం మొదలుపెట్టినవాడు. అట్లాంటి రాజుకి ఢిల్లీ నుంచి ఇంత పెద్ద పండితుడు వస్తున్నాడంటే సంతోషమే కదా. ఎదురుపోయి స్వాగతం చెప్పాడు. కోట దగ్గరే ఉండడానికి చోటు ఇచ్చాడు.

కానీ ఇద్దరికీ ఎక్కువ రోజులు పడలేదు. ఫిరోజ్‌కి కావలసింది తర్కం, గణితం, తత్త్వశాస్త్రం మీద చర్చ. బందేనవాజ్ దగ్గర ఆ రకం చదువు తక్కువ ఉందని ఆయనకి అనిపించింది. రాజు తమ్ముడు అహ్మద్ మాత్రం మాటిమాటికీ వచ్చి కూర్చునేవాడు, ఆశ్రమం కట్టించాడు. తర్వాత ఫిరోజ్ తన కొడుకు హసన్‌ని వారసుడిగా ప్రకటించి ఆశీర్వాదం అడిగించాడు. రాజ్యం అహ్మద్‌కి రాసిపెట్టి ఉందని బందేనవాజ్ జవాబు పంపాడట. రాజుకి మండిపోయింది. కోట దగ్గర జనం గోల ఎక్కువైంది, ఊరి బయటికి పొమ్మని కబురు పెట్టాడు. ఆయన లేచి పోయాడు. అప్పుడు పోయి కూర్చున్న చోటే ఈరోజు దర్గా ఉన్న చోటు.

ఈ కథని ఫెరిష్తా రాశాడు, అది కూడా దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత. గెలిచింది అహ్మద్ కాబట్టి, గెలిచినవాడికి అనుకూలంగా కథ తిరిగి ఉండొచ్చు. లాగ్ ఫైల్‌ని అడ్మిన్ ఎడిట్ చేసే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. కానీ ముఖ్యమైన సంగతి అది కాదు. కొలువుకి దూరంగా ఉండమన్న చిష్తీ వరసలోంచి వచ్చిన మనిషి, తన ఇష్టం ఉన్నా లేకపోయినా వారసత్వపు గొడవ మధ్యలో నిలబడ్డాడు. ఎవరినీ సమర్థించను అనడం కూడా అట్లాంటి చోట ఒక పక్షమే అవుతుంది.

మన జిల్లాలు ఈ కథలోకి వచ్చేది ఇక్కడే. 1417 ప్రాంతంలో ఫిరోజ్ షా కృష్ణకి ఉత్తరాన, మన వైపు ఉన్న పానగల్ కోటని ముట్టడించాడు. దాదాపు రెండేళ్లు ముట్టడి సాగింది. సైన్యంలో రోగాలు పుట్టాయి, మనుషులూ గుర్రాలూ రాలిపోయాయి. చివరికి విజయనగర సైన్యం చేతిలో ఘోరంగా ఓడిపోయాడు. ఆ ఓటమి నుంచి ఫిరోజ్ మళ్లీ తేరుకోలేదు. 1422లో అహ్మద్ తిరగబడి గద్దెనెక్కాడు. ఫిరోజ్ ఆ ఏడాదే చనిపోయాడు. కొద్ది వారాల తేడాతో, 1422 నవంబర్ 1న బందేనవాజ్ కూడా కన్నుమూశాడు. ఇంగ్లీషు లెక్కలో 101 ఏళ్లు, హిజ్రీ లెక్కలో 104. ఆయన పెద్దకొడుకు అక్బర్ హుసేనీ, తండ్రి మాటల్ని పుస్తకంగా కూర్చినవాడు, ఆయన కంటే ముందే పోయాడు.

కొత్త రాజు అహ్మద్ షా సమాధి మీద పెద్ద గుమ్మటం లేపించాడు, ఆ కుటుంబానికి ఊళ్లు ఇచ్చాడు. ఊళ్లు వద్దన్న వరసకి ఊళ్లు వచ్చి చేరాయి. తర్వాత రాజధాని బీదర్‌కి మారిపోయింది. గుల్బర్గాకి రాజు లేడు, దర్గా మిగిలింది. ఫిరోజ్ షా సమాధి కూడా అదే ఊళ్లో, హఫ్త్ గుంబజ్ అనే చోట ఉంది. కట్టడంగా చూస్తే అది చాలా గొప్పది. కానీ దానికి చాదర్ తెచ్చేవాడు లేడు.

ఇంకో మాట చెప్పాలి. ప్రతి జనవరిలో జాన్‌పహాడ్ గురించి పేపర్లో రాస్తే మతసామరస్యానికి ప్రతీక అని ఒక వాక్యం తప్పనిసరిగా ఉంటుంది. గుల్బర్గా గురించీ అట్లాగే రాస్తారు. ఆ వాక్యం తప్పు కాదు గానీ, దాన్ని బందేనవాజ్ నోట్లో పెడితే తప్పవుతుంది. ఆయన షరీయత్ విషయంలో గట్టి మనిషి. ఇబ్న్ అరబీ లాంటి పెద్ద సూఫీ తాత్వికుడిని కూడా విమర్శించాడు. సంస్కృత గ్రంథాల సంగతులు తెలుసుకున్నాడు, కానీ బ్రాహ్మణులతో వాదించి తన ధర్మమే నిజమని ఒప్పించడానికి. అందరి దేవుడూ ఒక్కడే అంటూ తిరిగిన మనిషిగా ఆయన్ని చూపిస్తే అది మన కోరికే గానీ ఆయన జీవితం కాదు.

మరి అన్ని మతాలవాళ్లూ ఆయన దగ్గరికి ఎట్లా వచ్చారు? ఒక కారణం భాష అని నాకనిపిస్తుంది. ఆయన పుస్తకాలు ఎక్కువగా పారసీ, అరబీలో ఉన్నాయి. జనంతో మాత్రం వాళ్లకి అర్థమయ్యే మాటలోనే మాట్లాడాడని చెబుతారు. ఆ మాటే తర్వాత దఖనీ అయింది. మన హైదరాబాదీ ఉర్దూకి అమ్మమ్మ అనుకోండి. దఖనీలో మొదటి వచన పుస్తకం అని చాలాకాలం చెప్పిన మిరాజుల్ ఆషికీన్ ఆయనది కాదని తర్వాతి పండితులు వాదించారు. ఆయన పేరు మీద చక్కీనామాలు కూడా ఉన్నాయి. అంటే ఆడవాళ్లు ఇసుర్రాయి తిప్పుతూ పాడుకునే పాటలు. అవి కూడా చాలావరకు తర్వాతి కాలానివే. నాకు ఇందులో నిరాశ ఏమీ కలగలేదు. ఒక మనిషి రాయని పాటలు కూడా ఆయన పేరు మీద పెట్టి, జొన్నలు ఇసురుతూ పాడుకున్నారంటే, పెద్దపెద్ద గ్రంథాలు చదవలేని ఇళ్లలోకి కూడా ఆయన వచ్చేశాడన్నమాట. కందూరు, కొబ్బరికాయ, మొక్కు, పిల్లల పేర్లు, ఇవన్నీ ఆ ఇళ్ల నుంచి వచ్చినవి. పై నుంచి ఏ రాజూ ఏ పీరూ ఆజ్ఞ ఇచ్చి పెట్టించినవి కాదు.

బీదర్ దగ్గర అష్టూర్‌లో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. బందేనవాజ్ శిష్యుడైన ఆ అహ్మద్ షా రాజుని జనం వలీ, అంటే సాధువు అన్నారు. ముస్లింలకి ఆయన వలీ. లింగాయతులకి ఆయన అల్లమప్రభు. ఏటా జాతరలో ఒక లింగాయత జంగమ స్వామి వచ్చి ఆ సమాధి దగ్గర శంఖం ఊది పూజ చేస్తాడు. రాజుని కూడా జనం తమకి కావలసినట్టు మార్చుకున్నారు.

పోవాలనుకునేవాళ్ల కోసం కొన్ని సంగతులు. సికింద్రాబాద్ నుంచి వికారాబాద్, తాండూరు, వాడి మీదుగా రైలు ఉంది. ఊరి పేరు 2014 నుంచి కలబురగి. 1956 వరకు ఇది కూడా మన హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. కొడంగల్, తాండూరు అప్పటి వరకు గుల్బర్గా జిల్లాలోవే. ఉర్సు జిల్‌ఖాద్ నెల 15 నుంచి 17 వరకు. మొదటి రోజు మహబూబ్ గుల్షన్ తోట నుంచి గంధం ఊరేగింపు బయల్దేరుతుంది, తర్వాత చిరాగాన్, అంటే దీపాల రాత్రి. హిజ్రీ సంవత్సరం దాదాపు 354 రోజులే కాబట్టి ఉర్సు ఏటా పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది. అందుకే 2022లో, ఇంగ్లీషు లెక్కలో ఇంకా 600 ఏళ్లు నిండకముందే, 618వ ఉర్సు జరిగింది. ఈ తేడా వచ్చే ప్రోగ్రాం రాయడం ఫస్టియర్ వాళ్లకి మంచి ఎక్సర్‌సైజ్. ఆ దర్గా పెద్దలు పెట్టిన విద్యాసంస్థల్లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ కూడా ఉంది, బందేనవాజ్ పేరు మీదే. మనలాంటివాళ్లు అక్కడ కూడా డేటా స్ట్రక్చర్స్ చదువుతున్నారు.

ఇక హాస్టల్‌లో వచ్చిన ప్రశ్న. పేరు ఎందుకు మార్చుకోలేదంటే, అది ఏ మతానికో ఇచ్చిన అర్జీ కాదు కాబట్టి. మా ముత్తవ్వకి ముందు పుట్టిన పిల్లలు దక్కలేదు. ఆమె తనకి అందుబాటులో ఉన్న అన్ని గుమ్మాలూ తొక్కింది. సైదన్న గుమ్మం తొక్కిన తర్వాత పుట్టినవాడు బతికాడు. ఆమె ఇచ్చిన మాట ప్రకారం పేరు పెట్టింది, యాటను కోసి కందూరు చేసి నలుగురికీ పెట్టింది. బందేనవాజ్ లాంటి గట్టి మతపండితుడి సమాధి దగ్గర కూడా సరిగ్గా ఇట్లాంటి తల్లులే ఆరు వందల ఏళ్లుగా వరుసలో నిలబడుతున్నారు. పేపర్లు సామరస్యం అని పెద్ద పేరు పెట్టేది ఈ తల్లుల మొక్కుకే. అది పైవాళ్లు మనకి ఇచ్చిన వరం కాదు, మన ముత్తవ్వలు చేసిన పని. చేసినవాళ్లు పోయారు కాబట్టి, దాన్ని ఉంచడమో తీసేయడమో ఇప్పుడు మన చేతుల్లో ఉంది. ఆధార్ కార్డులో మా నాన్న పేరు పక్కన తండ్రి పేరు ఇంకా సైదులు అనే ఉంది. ఉంటుంది కూడా.